నాంపల్లి లాడ్జిలో తిరగని తొట్టి

ఆ రోజుల్లో ఇంట్లో ఏ వస్తువు చెడిపోయినా ముందు మనుషుల్ని అనుమానించేవారు, ఆ తరువాతే వస్తువుని. రేడియో గొంతు పోతే ఎవడు ముట్టుకున్నాడు అనీ, ఫ్యాను ఆగిపోతే ఎవరి దిష్టి తగిలింది అనీ విచారణ మొదలయ్యేది. ఇప్పుడు ఆ బాధ లేదు. మొన్న మా ఇంట్లో బట్టల మిషను తిరగడం మానేస్తే కంపెనీ మనిషి ఒకడు వచ్చాడు. మెడలో బిళ్ళ, చేతిలో ఫోను. వంగి కింద చూడలేదు, చెవి పెట్టి వినలేదు, వాసనైనా పట్టలేదు. (మిషన్ని వాసన చూడాలయ్యా అని నేనంటే, ఈ ముసలాయనకి ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉంది అన్నట్టు మా కోడలి వైపు చూశాడు.) "బోర్డు పోయింది అంకుల్, కొత్తది తీసుకోండి" అని, వచ్చినంత చల్లగా వెళ్ళిపోయాడు. మా ఇంట్లో అందరూ తలూపారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఆ మంటలోనే, నా ఇరవై రెండో ఏట నాంపల్లిలో ఒక తొట్టి తిరగక నేను పడ్డ పాట్లు జ్ఞాపకం వచ్చాయి. నవ్వుకోవడానికే చెబుతున్నాను. మధ్యలో నవ్వు ఆగిపోతే అది నా తప్పు కాదు.

నేను బడికి పోయింది మూడో తరగతి దాకానే. రెండేళ్ళు వరసగా వానలు మొహం చాటేశాక మా నల్లగొండ పల్లె వదిలి, ఒక చేతిసంచితో నాంపల్లి స్టేషన్లో దిగాను. ఆబిడ్స్ పెద్ద రోడ్డు వెనక గల్లీలో ఫ్యాన్లు, రేడియోలు, హీటర్లు బాగుచేసే ఒక చిన్న దుకాణంలో పనికి కుదిరాను. దాని యజమానిని అందరూ ఉస్తాద్ అనేవారు, నేనూ అదే అనేవాణ్ణి. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచేవారు. అక్కడ, ఇంట్లో వాడే కరెంటు మిషన్ల గురించి ఎవరో దొర రాసిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి దొరికింది. అట్ట లేదు, మొదటి పేజీలు లేవు. (అందుకే ఆ దొర పేరు నాకు ఈనాటికీ తెలియదు.) దుకాణాల బోర్డులు చూసి నేర్చుకున్న ఇంగ్లీషు అక్షరాలతో, పక్కన డిక్షనరీ పెట్టుకుని, ఒక్కో వాక్యాన్ని వేరుశనక్కాయలా ఒలుచుకుని చదివాను. ఏ మిషను ఆగితే ముందు ఏం చూడాలి, అది కాకపోతే తరువాత ఏం చూడాలి అని అందులో వరసగా ఉండేది. అదంతా నాకు కంఠతా వచ్చేసింది. ఎవరైనా ఇస్త్రీపెట్టె పట్టుకొస్తే చాలు, పురోహితుడు సంకల్పం చెప్పినట్టు మొదటినుంచీ మొదలుపెట్టేవాణ్ణి. ఉస్తాద్ నాకు 'కితాబ్ మిస్త్రీ' అని పేరు పెట్టాడు. "క్యా రే, నీ దొర ఏమంటుండు?" అని రోజూ అడిగేవాడు. అది వెక్కిరింత అని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

నాంపల్లి స్టేషనుకు ఎదురు సందులో 'భోజనం - వసతి' అని బోర్డు కట్టిన లాడ్జి ఒకటుండేది. రాష్ట్రం ఏర్పడ్డ కొత్తలో గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ ఒకాయన దాన్ని నడిపేవాడు. అక్కడి నుంచి వచ్చి దిగేవాళ్ళంతా ఆయన్ని బాబాయిగారు అనేవారు కాబట్టి, ఏ వరసా లేని మేమూ అలాగే అనేవాళ్ళం. హైకోర్టులో కేసులున్నవాళ్ళు, సెక్రటేరియట్‌లో ఫైలు కదలనివాళ్ళు, వీళ్ళే గిరాకీ. (అంటే ఒకసారి వచ్చాక ఇక ఖాళీ చెయ్యని గిరాకీ అన్నమాట.) వంటిల్లు ఆయన దొడ్డమ్మగారి చేతిలో ఉండేది. చిన్నతనంలోనే భర్త పోతే, అప్పటినుంచీ ఎవరో ఒకరి వంటింట్లోనే బతుకు గడిపిన మనిషి. ఇక లాడ్జి దుప్పట్లు ఉతికేది మా వైపు పల్లె నుంచే వచ్చిన ఒక ముసలి ధోబీ. ఊరి వరసన నేను మామా అనేవాణ్ణి. పొద్దున్నే సైకిలు మీద మూట వేసుకుని మూసీ ఒడ్డుకు పోయి, సాయంత్రానికి అప్పడాల్లా ఫెళఫెళలాడే దుప్పట్లు తెచ్చి అప్పగించేవాడు.

ఆ ఏడు శ్రావణంలో ముసురు పట్టింది, పట్టి వదల్లేదు. ఆకాశం మాసిన దుప్పటిలాగే ఉండేది. మామ ఉతికిన బట్టలు ఆరేవి కావు. లాడ్జిలో జనం చెమ్మ దుప్పట్ల మీద పడుకుని తుమ్మడం మొదలుపెట్టారు. ఒక పెద్దమనిషి అయితే తడి పక్క మీద పడుకుని కోర్టుకు పోవడం వల్లనే కేసు పోయిందని రచ్చ చేశాడు. బాబాయిగారు విసిగిపోయి, ఆబిడ్స్‌లో పాత సామాన్లు వేలం వేసే చోటికి పోయి, సీమకు తిరిగిపోతున్న ఎవరో దొర ఇంటి బట్టల మిషను పాడుకొచ్చారు. దానికి పక్కపక్కనే రెండు తొట్లు. ఒకటి ఉతికేది, రెండోది గిర్రున తిరిగి నీళ్ళు పిండేది. "ఉతకడం ఎవరైనా ఉతుకుతారయ్యా, ఈ ముసుర్లో పిండి ఇచ్చేవాడు కావాలి" అని వచ్చినవాళ్ళందరికీ ఆ రెండో తొట్టిని చూపించేవారు. ధోబీ మామను పిలిచి, "ఇది కుదురుకునే దాకా రా. కుదురుకున్నాక చూద్దాం" అన్నారు. ఆ 'చూద్దాం' అనే మాటకు అర్థం ఏమిటో సెక్రటేరియట్ చుట్టూ తిరిగేవాళ్ళకే కాదు, మామకూ తెలుసు. అప్పటికే ఆయన ఇళ్ళు ఒకటొకటే మానుకుంటున్నాయి. చేతిలో మిగిలిన మూట ఆ లాడ్జిదే. అందుకని రోజూ పొద్దున్నే వచ్చి పెరటి మెట్టు మీద కూర్చునేవాడు. తొట్టి తిరిగితే ఖాళీ సైకిలు, తిరగకపోతే మూట. ఒక మనిషి కూడును ఒక తొట్టికి కట్టేసి, ఆ మనిషిని దాని పక్కనే కూర్చోబెట్టడం ఎంత దుర్మార్గమో అప్పుడెవరికీ తోచలేదు. నాకూ తోచలేదు.

అది వచ్చిన కొద్ది రోజులకే, తొట్టి తిరగడం లేదని కబురు వచ్చింది. "బట్టల మిషనంట, పో. నీ దొరను గూడ తీస్కపో" అని ఉస్తాద్ నన్ను పంపించాడు. వంటింటికీ స్నానాల గదులకూ మధ్య రేకుల చావడి కింద ఉంది మిషను. నేను చేతులు వెనక్కి కట్టుకుని ఒకసారి చుట్టూ తిరిగాను. (అలా తిరగాలని పుస్తకంలో లేదు, అది నా సొంతం.) ప్లగ్గు చూశాను, బాగుంది. ఫ్యూజు చూశాను, బాగుంది. ఉతికే తొట్టి తిరిగింది. పిండే తొట్టి స్విచ్చి వేస్తే కింద మోటారు గుయ్యిమని మూలుగుతోంది గాని తొట్టి కదలడం లేదు. మూత సరిగా పడకపోతే బ్రేకు వదలదని దొర రాశాడు, మూత గట్టిగా అదిమాను. కదల్లేదు. బట్టలు ఒకవైపే పడితే తిరగదని రాశాడు, దుప్పట్లన్నీ తీసి చుట్టూ సమానంగా సర్దాను. బాబాయిగారు పక్కన నిలబడి "సమానంగా, సమానంగా" అని బంతిలో వడ్డన చూస్తున్నట్టు అంటున్నారు. అప్పటికీ కదల్లేదు. కోర్టు సెలవని ఖాళీగా ఉన్న ఇద్దరు కక్షిదారుల సాయంతో మిషన్ని పక్కకు పడుకోబెట్టాను. బెల్టు కొంచెం వదులుగా కనిపించింది, బిగించాను. తొట్టి ఇరుసు చుట్టూ ఉన్న రబ్బరు పట్టీ దగ్గర తెల్లటి జిగురు అంటుకుని ఉంది. సబ్బు మడ్డీ, నల్లా నీళ్ళలోని సున్నమూ కలిస్తే ఇలా అవుతుందని అందరికీ వినబడేలా చెప్పాను. వంటింట్లోంచి వేడినీళ్ళు తెప్పించి కడిగేశాను. ఏదో పులిసిన వాసన వచ్చింది గాని, పక్కనే వంటిల్లు కదా అనుకున్నాను. మిషన్ని లేపి స్విచ్చి వేస్తే తొట్టి గిర్రున తిరిగింది.

"బెల్టు" అన్నాను నేను.

"బెల్టా" అన్నారు బాబాయిగారు, గుళ్ళో తీర్థం పుచ్చుకుంటున్నట్టు.

మెట్టు మీద కూర్చున్న మామ లేచి, మూట కట్టుకునే గుడ్డను మడిచి భుజాన వేసుకుని, సైకిలు తోసుకుంటూ పోయాడు. చూశాను గాని, నా కళ్ళు మళ్ళీ తొట్టి మీదికే పోయాయి. వయసు అలాంటిది.

మర్నాడు పొద్దున మళ్ళీ కబురు. పోయి చూస్తే మోటారు అదే మూలుగు. బెల్టు ఇంకా బిగించాను, జిగురు వేడినీళ్ళతో కడిగాను, తిరిగింది. ఆ మర్నాడు మళ్ళీ. ఈసారి బెల్టును ఎంత బిగించానంటే అది ఊరకుక్క ఏడ్చినట్టు ఏడ్చింది. (బాగుచేస్తున్నది బెల్టు కాదు, వేడినీళ్ళు అని నాకు తోచలేదు. అన్నీ తెలిసినవాడికి తోచడం కష్టం.) బాబాయిగారు నన్ను పక్కకు పిలిచారు. పిలవడం పక్కకే గాని గొంతు మాత్రం పెరడంతా వినిపించింది.

"ఒక మాట చెప్పు మేస్త్రీ. నువ్వు బాగుచేసి వెళ్తావు. సాయంత్రం నిక్షేపంలా తిరుగుతుంది. మర్నాడు పొద్దున స్విచ్చి వేసేసరికి బిగుసుకుపోయి ఉంటుంది. దానంతట అది బిగుసుకుంటుందా, ఎవరైనా ఏమన్నా చేస్తున్నారా?"

"దానంతట అది గాదండి. ఏందో అడ్డం పడుతున్నది" అన్నాను నేను.

"అదీ సంగతి. పొద్దున్నే దీని పక్కన ఎవరు కూర్చుంటున్నారో చూస్తున్నావుగా. ఇది చెడిపోతే మూట ఎవరికి దొరుకుతుందో తెలుసుగా. నిన్న మూత ఎత్తి లోపలికి తొంగి చూస్తుంటే నా కళ్ళతో నేను చూశాను."

మామ మెట్టు మీద నుంచే అన్నాడు. "జర చూసిన బాబూ. చూస్తే కూడ తప్పేనా?"

"తొంగి చూడ్డానికి అదేమన్నా నీళ్ళ బావా?"

"బాయి అయితే చూడకపోదును. బాయిల ఏముంటదో నాకెర్కనే."

కక్షిదారుల్లో ఒకాయన నవ్వబోయి, బాబాయిగారి మొహం చూసి దగ్గాడు. "మాటలు తగ్గించు" అన్నారు బాబాయిగారు. "మేస్త్రి ఒక్క మాట అంటే ఠాణాలో అప్పజెప్తాను. అక్కడ అడిగే పద్ధతి వేరేగా ఉంటుంది." అని నా వైపు తిరిగారు. "చెప్పు మేస్త్రీ. మిషన్ల సంగతి తెలిసినవాడివి. వీడేనా?"

వంటింట్లోంచి దొడ్డమ్మగారి గొంతు వినిపించింది. "ఏమిట్రా ఆ గొడవ? ఉప్మా చల్లారిపోతోంది."

అప్పటిదాకా నా మాటను జనం వినాలని ఎంతో ఆరాటపడేవాణ్ణి. తీరా ఒక ముసలాయన ఠాణాకు పోవడమూ ఇంటికి పోవడమూ నా ఒక్క మాట మీద నిలబడేసరికి చేతిలోని పానాను గుడ్డతో తుడుస్తూ నిలబడ్డాను. నిజం చెప్పాలంటే నా అనుమానమూ ఆయన మీదే. వేరే ఎవరికి అవసరం? అయినా, "రేపు పొద్దుగాల వచ్చి చూసి చెప్తనండి" అని సామాను సర్దుకున్నాను. సందు మొదట్లో మామ నా వెనకే వచ్చాడు.

"నువ్వు గూడ గదే అనుకుంటున్నవా పిలగా?"

"నేననుకునుడు ఏముంది మామా. మిషను ఏమంటదో చూడాలె."

"మిషనుకు నోరుంటే అది గూడ నా పేరే జెప్తది. అందరు గట్లనే జెప్తున్నరు గద" అని సైకిలు ఎక్కాడు. తొట్టి ఏడుస్తోందని ఆ పూట దుప్పట్లు ఆయనకే వేశారు కాబట్టి, ఆ రోజు మూట ఉంది. మూట ఉన్నందుకు సంతోషించడానికి కూడా వీల్లేని పరిస్థితి ఆయనది. సంతోషిస్తే అదీ సాక్ష్యమే.

దుకాణంలో జరిగింది చెబితే ఉస్తాద్ బీడీ ఆర్పేసి నా వైపు చూశాడు. "నీ దొర కితాబ్‌ల చోర్ అని ఏడన్న రాసి ఉన్నదా?"

"లేదు ఉస్తాద్."

"మరింకేంది? ఎవడు జేసిండో చెప్పుడు పోలీసోళ్ళ పని. ఏడ ఆగిందో చెప్పుడు మన పని. పొద్దుగాల పో. చాయ్ తాగి పో. ఖాళీ కడుపుతోని పోతే కనిపించిన ప్రతోడు చోర్ లెక్కనే ఉంటడు."

చాయ్ తాగే పోయాను. సన్నగా తుంపర పడుతోంది. పెరట్లో బోర్లించిన బకెట్టు మీద కూర్చున్నాను. బాబాయిగారు స్నానాల గది తలుపు చాటున నిలబడి పళ్ళు తోముకుంటున్నారు. ఎంతసేపు తోమారంటే, ఆ పళ్ళు అరిగిపోతాయేమోనని నాకు భయం వేసింది. మామ తన మెట్టు మీద, రెండు చేతులూ మోకాళ్ళ మీద అందరికీ కనబడేలా పెట్టుకుని, ఫోటో తీయించుకుంటున్నవాడిలా కదలకుండా కూర్చున్నాడు. ముందురోజు సాయంత్రం ఉతికిన దుప్పట్లు పిండే తొట్టిలో ఉన్నాయి. బాబాయిగారు స్నానం, పూజ అయ్యాక వచ్చి స్వయంగా స్విచ్చి వేస్తారు. ఆ స్విచ్చి ఇంకెవరూ వెయ్యకూడదు, అది వారి ముచ్చట.

ఇంతలో వంటింట్లో అన్నం ఉడికింది. దొడ్డమ్మగారు ఇంత పెద్ద గుండిగ మూతికి గుడ్డ కట్టి, వంచి బకెట్టులోకి గంజి వార్చారు. ఆ గంజిలో ఇంత నీలిమందు కలిపారు. బకెట్టు కాడకు కొంగు చుట్టి పట్టుకుని, ఆవిరి మధ్య నడుచుకుంటూ తిన్నగా మిషను దగ్గరికి వచ్చారు. పిండే తొట్టి మూత తీసి, దుప్పట్ల మీద గంజి అంతా పోసి, పసివాడికి అన్నం పెట్టి వీపు నిమిరినట్టు చేత్తో అద్ది, మూత వేసి వెళ్ళిపోయారు. మమ్మల్నెవరినీ చూడనైనా లేదు. రోజూ చేసే పని చేస్తున్న మనిషికి చుట్టూ చూడాల్సిన పనేముంది?

నేను బకెట్టు మీద నుంచి లేచాను. నా పుస్తకంలో లేని కారణం అది. ఉండదు కూడా. ఆ రాసిన దొర జన్మలో అన్నం వార్చి ఉండడు.

"దొడ్డమ్మగారూ, గది ఏందండి పోసిన్రు?"

"ఏది నాయనా? గంజి."

బాబాయిగారు నోటినిండా పళ్ళపొడి నురగతో బయటికి వచ్చారు. "గంజా? మిషన్లోనా?"

"దుప్పట్లకి గంజి పెట్టొద్దట్రా? ఇన్నాళ్ళూ పొద్దున్నే ధోబీ వచ్చి బకెట్టు పట్టుకుపోయేవాడు. వాడి పని దీనికిచ్చావు. మరి వాడి గంజి ఎవరికివ్వను? అన్నం నీళ్ళు నేలపాలు చేస్తానా, పాపం కాదూ? వాడికిచ్చేదే దీనికిస్తున్నాను."

"మిషను గంజి తాగుతుందా దొడ్డమ్మా?"

"ఉతుకుతుందన్నావు, పిండుతుందన్నావు. గంజి పడదని నాకు చెప్పావా? అసలు దాన్ని తెచ్చిన సంగతే నాకు ఎవరూ చెప్పలేదు. పొద్దున్నే లేచి చూస్తే ఉంది."

బాబాయిగారు నురగ ఉమ్మేశారు. ఇన్ని రోజులు పెరట్లో అంతమందిని అనుమానంగా చూసిన ఆయన వంటింటి వైపు ఒక్కసారీ చూడలేదు. దుప్పటి ఫెళఫెళలాడుతూ రావాలని తెలుసు గాని, ఆ ఫెళఫెళ ఎక్కడినుంచి వస్తుందో ఆయనకు ఎప్పుడూ పట్టలేదు. చివరికి, "ఇందులో పొయ్యమని ఎవరు చెప్పారు నీకు?" అన్నారు.

దొడ్డమ్మగారు ఒక్క క్షణం మెట్టు వైపు చూశారు. "ఒకరు చెప్పాలట్రా? కాపురానికొచ్చిన నాటినుంచీ పెడుతూనే ఉన్నాను" అని కొంగు దులుపుకుని లోపలికి పోయారు. ఆవిడ కట్టుకున్న తెల్ల చీర మెత్తగా, జీవం లేకుండా వేలాడుతోంది. ఊళ్ళోవాళ్ళ దుప్పట్లన్నిటికీ గంజి పెట్టే మనిషి తన చీరకు మాత్రం పెట్టుకునేది కాదు. ఆ రోజుల్లో అలాంటివి ఎవరూ అడిగేవారు కాదు.

ఇక నాకు దారి దొరికింది. మిషన్ని పడుకోబెట్టి, తొట్టి బెజ్జాల్లో ఇరుక్కున్న మెతుకులు పుల్లతో తీసి చూపించాను. గంజి చల్లారి ఇరుసు చుట్టూ ఎలా గడ్డకడుతుందో, మోటారు ఎందుకు మూలుగుతుందో, వేడినీళ్ళు పోస్తే ఎందుకు వదులుతుందో, ఇదంతా మొదటి రోజునే నాకు సగం తెలిసిపోయినట్టు ఉపన్యాసం ఇచ్చాను. అంతా విని బాబాయిగారు ఒక్కటే అడిగారు.

"అయితే గంజి పొయ్యకపోతే ఇంకెప్పుడూ ఆగదన్నమాట."

"ఆగదు బాబాయిగారూ. నాది గ్యారంటీ."

ఆ మాట ఎంత గట్టిగా అన్నానో ఇప్పటికీ నా చెవిలో ఉంది. బాబాయిగారు చెడ్డవారు కాదు. నోరు కడుక్కుని తిన్నగా మెట్టు దగ్గరికి వెళ్ళి, "నిన్ను అనుమానించాను. మనసులో పెట్టుకోకు" అన్నారు.

"పెద్దోళ్ళు, మీరు గట్లనొద్దు బాబూ" అని మామ లేచి నిలబడ్డాడు.

"మంచిది. మరి ఇది కుదురుకుంది కదా, రేపటినుంచి రానక్కర్లేదులే."

రెండు మాటలూ ఒకే గొంతుతో, ఒకే మర్యాదతో అన్నారు. మధ్యలో ఊపిరి కూడా తీసుకోలేదు. మామ తల ఊపి, చెప్పులు వేసుకున్నాడు.

ఇద్దరం కలిసే బయటికి వచ్చాం. తుంపర ఇంకా ఉంది. మామ సైకిలు ఎక్కకుండా నడిపిస్తున్నాడు. ఆయన ఏదో ఒక మంచి మాట అంటాడని నేను ఎదురుచూస్తూ పక్కనే నడుస్తున్నాను. (ఒప్పుకుంటాను, ఎదురుచూశాను. నోరు తెరిచి ఎవరైనా మెచ్చుకుని చాలా రోజులైంది.) మొజంజాహీ మార్కెట్ దాకా వచ్చేసరికి వాన పెద్దదైంది. పండ్ల దుకాణాల ముందు రాతి కమాను కింద నిలబడ్డాం.

"దొంగన్న పేరు రాకుండ జేసినవు బిడ్డా" అన్నాడు.

"ఉన్నది చెప్పిన మామా, అంతే" అన్నాను, వినయంగా ఉండడానికి ప్రయత్నిస్తూ.

"ఔ. ఉన్నదే చెప్పినవ్." సైకిలును కమాను లోపలికి జరుపుకున్నాడు. "గంజి పొయ్యమన్నది నేనే."

నేను ఆయన మొహం చూశాను.

"మిషను వచ్చినంక ఒకనాడు ఆమె నన్నే అడిగింది. 'ఏమయ్యా, దీనికి గంజి ఎంత పొయ్యాలి' అని. నాకేమెర్క? 'నాకెంత పోస్తున్నవో గంతనే పొయ్యమ్మా' అన్న. నా నోటికాడి పని పోతున్నదని దాని మీద నాకు కోపముంటే ఉన్నదేమో గాని, బట్టల మీద ఏం కోపం? గంజి లేని బట్ట బట్టనా? గా పొద్దు మూత తీసి చూసింది గందుకే. మంచిగ పట్టిందా లేదా అని."

"మరి బాబాయిగారు ఠాణా అన్నప్పుడు ఎందుకు చెప్పలే?"

"ఏమని చెప్పాలె? పొయ్యమన్నది నేనే అంటే కావాలని ఖరాబు జేసిండంటరు. గంజితోని ఆగుతదని నాకెర్కనా? అంత సదివినోనివి, నీకే ఎర్క లేకపాయె."

దొడ్డమ్మగారు మెట్టు వైపు ఎందుకు చూశారో అప్పుడు అర్థమైంది. ఆవిడ ఒక్క పేరు చెప్పి ఉంటే నా ఉపన్యాసం, నా మెతుకులు, అన్నీ కలిసి ఆయన్ని తిన్నగా ఠాణాకు నడిపించేవి. ఆవిడ చెప్పలేదు. పెరట్లో అంతమందిలో ఆయన్ని కాపాడింది ఆవిడ. పేరు మాత్రం నాకు వచ్చింది.

వాన తగ్గింది. మామ సైకిలు సీటు గుడ్డతో తుడుస్తూ, "గా మిషను ఎన్నేండ్లు బతుకుతది బిడ్డా?" అన్నాడు.

"మంచిగ చూస్కుంటే పదేండ్లు."

"అయితే నాకన్న ఎక్కువనే" అని, పెద్దగా పట్టించుకోనట్టే అని, ఎక్కి వెళ్ళిపోయాడు.

దీని గురించి చాలాసార్లు ఆలోచించాను. ఆలోచించినప్పుడల్లా కోపమే వస్తుంది, ఎవరి మీదో తెలియదు. నాకు తెలియదని బాబాయిగారికి చెప్పి ఉంటే మామకు మూటా ఉండేది, దొంగన్న పేరూ ఉండేది. చెప్పాను కాబట్టి రెండూ పోయాయి. ఈ రెండు దారులు తప్ప మూడో దారి ఎవరు పెట్టారు అక్కడ? మిషను బాగుచెయ్యమని పిలిచి, బాగుచేస్తే ఎవరి బతుకు ఎటు పోతుందో కూడా చూసుకోమంటే ఏ రిపేరువాడు చూడగలడు? ఉస్తాద్ చెప్పినట్టు ఎక్కడ ఆగిందో చెప్పాను. అది తప్పని ఎవరైనా అంటే ఈ వయసులో కూడా వాళ్ళతో వాదిస్తాను. అయితే ఎవరూ అనలేదు. అదే వచ్చిన చిక్కు.

చలికాలం వచ్చేసరికి మామ సైకిలు అమ్మేసి, నాంపల్లి సందులో ఒక గోడ పక్కన ఇస్త్రీ బండి పెట్టుకున్నాడు. బొగ్గుల పెట్టెను రెండు చేతులతో ఎత్తేవాడు. నేను ఆ దారిన పోతే వదిలేవాడు కాదు. "ఓ పిలగా, ఏందా చొక్కా, జర ఇయ్యి" అని విప్పించి, నన్ను బనీనుతో నిలబెట్టి, ఇస్త్రీ చేస్తూ అక్కడున్నవాళ్ళకి చెప్పేవాడు. "గీ పిలగాడే. నేను దొంగను గాదని అందరి ముందల నిలబడి జెప్పిండు. ఇంకోడైతే చెప్పకపోతుండె." వాళ్ళు నన్ను జడ్జిగారిని చూసినట్టు చూసేవారు. కథ అక్కడితో ఆపేసేవాడు. ఆ తరువాత ఏమైందో, గంజి ఎవరు పొయ్యమన్నారో, తాను గోడ పక్కకు ఎందుకు వచ్చాడో ఒక్కనాడూ చెప్పలేదు. ఆ బండి అక్కడ ఉన్నన్నాళ్ళూ సగం కథే చెప్పాడు, అదీ నాకు గొప్ప వచ్చే సగం. ఆ వేడి చొక్కా తొడుక్కుని, ఔననలేక, కాదనలేక, తల వంచుకుని ఆబిడ్స్ వైపు గబగబా నడిచిపోయే ఆ గ్యారంటీ మేస్త్రిని తలుచుకుంటే ఇప్పుడు నాకు నవ్వొస్తుంది. నవ్వుతూనే ఉంటాను గాని, వీపు మీద ఆ ఇస్త్రీ వేడి ఇంకా తగులుతున్నట్టే ఉంటుంది.